టైరు పక్కకు పెరిగితే ఫ్లేరు ఎంత పెరగాలి? కోరాపుట్, రాయగడ కొండదారుల బండ్ల లెక్క

క్లుప్తంగా: చక్రం పైన ఉండే వంపు రేకుకు (ఆర్చికి) బయటివైపు బిగించే ఫెండర్ ఫ్లేరును టైరు, రిమ్ము ఖరారయ్యాకే కొనాలి. ఎంత వెడల్పు కావాలో చెప్పేది ఆ రెండింటి కొలతే. టైరు సైజుతో పాటు రిమ్ము ఆఫ్‌సెట్ కూడా చూడాలి, చాలామంది మరిచిపోయేది దాన్నే. వానలు గట్టిగా పడే కోరాపుట్ పీఠభూమిలో ఫ్లేరు రేకును కాపాడుతుందా, తుప్పు పట్టిస్తుందా అన్నది బిగించిన తీరును బట్టి ఉంటుంది. చట్టం విషయానికొస్తే ఫ్లేరుది చిన్న పాత్ర, దాని చాటున మార్చిన సామానుదే పెద్ద పాత్ర.

మూడు మాటల మధ్య బండి యజమాని

సాలూరు దాటాక సుంకి ఘాటీ ఎక్కి పొట్టంగి, సిమిలిగుడ, కోరాపుట్ మీదుగా జయపురం చేరే దారి పాత 43వ నంబరు, ఇప్పటి 26వ నంబరు జాతీయ రహదారి. దాని మీద నడిచినంతసేపూ ఏ బండికీ ఫ్లేర్ల అవసరం పెద్దగా తెలియదు. నారాయణపట్నం, బంధుగాం వైపు లోపలి ఊళ్లకు మళ్లినా, దేవమాలి చుట్టుపక్కల మట్టిబాటలు పట్టినా సంగతి మారిపోతుంది. ఒడిశాలోకెల్లా ఎత్తైన ఆ శిఖరం 1,672 మీటర్లు. చలికాలపు సెలవు రోజుల్లో విజయనగరం, విశాఖ నుంచి వచ్చే థార్లు, జిమ్నీలు అక్కడ బారులు తీరుతున్నాయి. వాటిని చూసి రాయగడ, గుణుపురం, జయపురంలోని తెలుగు కుటుంబాల కుర్రకారు తమ బండ్లకూ వెడల్పు టైర్లు, వాటికి తగ్గ ఫ్లేర్లు అడుగుతున్నారు. సంతలకు సరుకు తోలే బొలేరోలు, పాత కమాండర్ జీపుల వాళ్లు మాత్రం బురద బాధ తప్పితే చాలంటారు.

ఇలా అడిగినవారికి మూడు రకాల సమాధానాలు దొరుకుతున్నాయి. యాక్సెసరీల దుకాణంలో ‘పెట్టించండి, లుక్కు వేరే’ అంటారు. టింకరింగ్ షెడ్డులో ‘రేకు తినేస్తుంది సార్’ అంటారు. తోటి బండివాళ్లు ‘ఆర్టీవో పట్టుకుంటాడు’ అని భయపెడతారు. మూడింటిలోనూ కొంత నిజముంది. ఏ మాట ఎప్పుడు నిజమవుతుందన్నదే చిక్కు.

బురద ఎటు ఎగురుతుంది

దొర్లే చక్రానికి నేలను తాకే బిందువు ఆ క్షణానికి కదలకుండా ఉంటుంది, పైభాగం మాత్రం బండి వేగానికి రెట్టింపు వేగంతో ముందుకు పోతుంది. వెనకవైపు అంచు పైకి లేస్తుంటుంది. గాళ్లలో ఇరుక్కున్న మట్టి ముద్ద పట్టు తప్పినచోటి నుంచి ఆ దిశలోనే విసురుగా ఎగురుతుంది. పైనుంచి వదిలినది బానెట్ వైపు వెళ్లి గాలికి వేగం తగ్గుతుంది, దాని వెనకే వస్తున్న అదే బండి దాన్ని ముందు అద్దంతో అందుకుంటుంది. వెనక అంచు నుంచి లేచినది తలుపులు, పక్క అద్దాలు, ఫుట్‌బోర్డు మీద పడుతుంది. టైరు రేకు లోపలే ఉన్నంతకాలం ఈ విసురంతా ఆర్చి లోపలి లైనరుకు తగిలి కిందికి జారుతుంది. టైరు గాళ్లు రెండు వేళ్ల మందం బయటికొచ్చినా చాలు, ఆ మేర మట్టికి అడ్డుండదు.

కోరాపుట్ నేల ఇక్కడే తేడా చూపిస్తుంది. దమన్‌జోడి దగ్గర నాల్కో తవ్వే పంచపట్మలి బాక్సైట్ గని ఉన్నది ఈ కొండల్లోనే. బాక్సైట్‌తో పాటు ఉండే లాటరైట్ ఎర్రమట్టి తడిస్తే జిగటగా పట్టుకుంటుంది, ఎండితే మెత్తటి పొడై ప్రతి సందులోకీ దూరుతుంది, పైగా అందులో గట్టి గులకలుంటాయి. మడ్ టెర్రెయిన్ టైర్ల లోతు గాళ్లు ఈ మట్టిని ముద్దలుగా ఎత్తి విసురుతాయి. గులకలు తలుపు కింది అంచు పెయింటును చిన్న చిన్న చుక్కలుగా లేపేస్తాయి. సన్న దారిలో వెనకే వచ్చే మోటారు సైకిలువాడి కళ్లకు ఇంకా ప్రమాదం. వెడల్పు టైరు వేసినవాడికి ఫ్లేరు అలంకారం అనడం అందుకే సరికాదు. కంపెనీ టైర్లతోనే తిరిగే బండికి మాత్రం అది చాలావరకు అలంకారమే.

వెడల్పు లెక్క

గోడను చూడకుండా చూరు ఎంత దించాలో చెప్పలేనట్టే, టైరు ఎక్కడ నిలబడుతుందో తెలియకుండా ఫ్లేరు వెడల్పు చెప్పలేం. టైరు నిలబడే చోటును రెండు కొలతలు తేలుస్తాయి. ఒకటి టైరు వెడల్పు, రెండోది రిమ్ము ఆఫ్‌సెట్. రిమ్ము నడిమధ్య గీత నుంచి హబ్బుకు ఆనుకునే ముఖం ఎంత దూరంలో ఉందో ఆ దూరమే ఆఫ్‌సెట్. ఆ అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి జరుగుతుంది.

మారుతి జిమ్నీనే తీసుకుందాం. కంపెనీ టైరు 195/80 ఆర్15. దాని బదులు 235/75 ఆర్15 వేస్తే వెడల్పు 40 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పాత ఆఫ్‌సెట్ ఉన్న రిమ్ము మీదే అయితే సగం లోపలికి, సగం బయటికి, అంటే ఒక్కో వైపు బయటికి వచ్చేది 20 మిల్లీమీటర్లే. అదే సమయంలో ఆఫ్‌సెట్ 20 తగ్గిన రిమ్ము, ఉదాహరణకు ప్లస్ 5 నుంచి మైనస్ 15కు మారితే, మరో 20 కలుస్తుంది. ఒక్కో వైపు 40, మొత్తం బండికి 8 సెంటీమీటర్లు. టైరు సైజు ఒకటే, రిమ్ము మారేసరికి ఫ్లేరు అవసరం రెట్టింపైంది. దుకాణంలో ‘235 టైరుకు ఏ ఫ్లేరు కావాలి’ అని అడిగితే సరైన జవాబు రాదు. రిమ్ము వెనక అచ్చుపోసిన ఈటీ అంకె, అంటే ఆఫ్‌సెట్, కూడా చెప్పాలి. హబ్బుకూ రిమ్ముకూ మధ్య స్పేసరు పెడితే దాని మందాన్ని పూర్తిగా బయటి లెక్కలోనే కలపాలి.

ఈ సంగతి కంపెనీలకు బాగా తెలుసు. జపాన్‌లో కెయ్ తరగతి చిన్న కార్ల వెడల్పు 1,480 మిల్లీమీటర్లు దాటకూడదు. అందుకే అక్కడి చిన్న జిమ్నీ 1,475 దగ్గర ఆగుతుంది. అదే బాడీకి వెడల్పు ఇరుసులు, వాటిని కప్పే ఫ్లేర్లు తగిలించిన జిమ్నీ సియెరా 1,645. మన దగ్గర 2023లో వచ్చిన అయిదు తలుపుల జిమ్నీ వెడల్పు కూడా 1,645. మన మారుతి జిప్సీది అంతకన్నా పాత కథ. 1993లో ముందు జతలోనూ వెనక జతలోనూ ఎడమ, కుడి చక్రాల మధ్య దూరాన్ని 90 మిల్లీమీటర్ల చొప్పున పెంచి వైడ్‌ట్రాక్ జిప్సీ తెచ్చినప్పుడు ఉబ్బెత్తు ఫ్లేర్లు కూడా పెట్టారు. రెండుచోట్లా మొదట చక్రం ఎక్కడుండాలో తేల్చారు, ఫ్లేరు దాని వెనక వచ్చింది. షెడ్డుల్లో ఈ వరస తరచూ తలకిందులవుతోంది. ఆన్‌లైన్‌లో ఫ్లేర్లు చవగ్గా దొరికాయని కొనేసి, అవి ఖాళీగా కనిపిస్తున్నాయని టైర్లు, ఆ తర్వాత స్పేసర్లు.

బయటికి ఎంత ఉండాలి అన్నదానికి యూరప్ నిబంధన ఒక మంచి కొలబద్ద. చక్రం మధ్య నుంచి నిలువుగా గీత గీస్తే, ముందుకు 30 డిగ్రీలు, వెనక్కు 50 డిగ్రీల మేర టైరు మొత్తం వెడల్పు కప్పబడాలి. వెనకవైపు ఎక్కువ అడగడం బురద లేచే తీరు వల్లే. ఫ్లేరు టైరు గాళ్ల కన్నా నాలుగైదు మిల్లీమీటర్లు మించి ఉంటే పని జరుగుతుంది. రెండు మూడంగుళాలు మించితే ఇరుకు సందుల్లో రాతిగోడకు, వెదురు పొదలకు మొదట తగిలేది అదే.

ఫ్లేరు తీర్చలేని చిక్కులు

ఫ్లేరు వెడల్పును కప్పుతుంది, ఎత్తుకు చోటివ్వదు. పై ఉదాహరణలో టైరు వ్యాసం 693 నుంచి 733 మిల్లీమీటర్లకు పెరిగింది. స్టీరింగ్ మొత్తం తిప్పినప్పుడు టైరు బంపరు మూలకో లైనరుకో రాసుకుంటే దానికి మందు సస్పెన్షన్ ఎత్తు పెంచే లిఫ్టు, లేదా ప్లాస్టిక్ కోత. కొన్ని రకాల ఫ్లేర్లకు ఆర్చి రేకునే కోయాల్సి వస్తుంది. వెనక ఆర్చి దగ్గర లోపలి రేకు, బయటి రేకు కలిసి అతుకు పడతాయి. అక్కడ గ్రైండరు పెడితే అతుకు విడిపోతుంది, మళ్లీ వెల్డింగ్ చేసి సీలు చేయకపోతే నీరు నేరుగా బాడీలోకి దిగుతుంది. ఏడాదికి సుమారు 1,500 మిల్లీమీటర్ల వాన పడే కోరాపుట్‌లో ఈ కోత పెట్టించే ముందు రెండుసార్లు ఆలోచించడం మేలు.

స్పీడోమీటరు కూడా తప్పుతుంది. వ్యాసం దాదాపు 6 శాతం పెరిగింది కాబట్టి చక్రం తిరిగే లెక్కలో ముల్లు 60 చూపేటప్పుడు బండి వేగం ఇంతకుముందుకన్నా మూడున్నర కిలోమీటర్లు ఎక్కువ. చక్రం బయటికి జరిగేకొద్దీ బేరింగ్ మీద బరువు పెరుగుతుంది, గుంతలో పడ్డప్పుడు స్టీరింగ్ చేతికి గట్టిగా కొడుతుంది. ఫ్లేరు వీటన్నిటినీ కంటికి కనపడకుండా దాస్తుందంతే.

సరుకు రకాలు

మార్కెట్లో ఎక్కువగా దొరికేది ఏబీఎస్ ప్లాస్టిక్. తేలిక, చవక, పెయింటు పడుతుంది. ఎండకు రంగు వెలిసి బూడిద తేలడం, దెబ్బకు పగలడం దాని లోపాలు. పాలీయురెథేన్, రబ్బరు రకాలు వంగి మళ్లీ లేస్తాయి కాబట్టి పొదల్లో తిరిగే బండికి నయం, కాకపోతే ధర ఎక్కువ, వాటి మీద రంగు నిలవడం కష్టం. ఫైబర్‌గ్లాస్ బిగుసుకుపోయి స్క్రూ రంధ్రం దగ్గర నెర్రెలిస్తుంది. అయినా పల్లె బండికి అది చెడ్డ ఎంపికేం కాదు. రెజిన్, మ్యాటు ఉంటే ఏ చిన్న పట్టణంలోనైనా అతికించుకోవచ్చు, పాత కమాండర్ లాంటి రెడీమేడ్ ఫ్లేర్లు దొరకని బండ్లకు కొలతకు పోయించుకోవచ్చు.

రూపం మాట వేరు. పైకి బోల్టులు కనిపించే పాకెట్ రకం చాలామందికి నచ్చుతుంది. వాటిలో కొన్నింటికి ఆ బోల్టులు వట్టి అలంకారమే, అసలు పట్టు లోపలి క్లిప్పులదో టేపుదో. కొనేముందు వెనక్కి తిప్పి చూస్తే తెలిసిపోతుంది.

తుప్పు ఎక్కడ మొదలవుతుంది

ఒక వానాకాలం గడిచాక సరిగ్గా బిగించని ఫ్లేరును విప్పితే కనిపించేది దాదాపు ఎప్పుడూ ఒకటే. రేకుకూ ఫ్లేరుకూ మధ్య వేలిమందం ఎర్రటి పేస్టు, అది కడిగాక పెయింటు మీద సన్నటి గీతలు, స్క్రూ రంధ్రాల చుట్టూ గోధుమరంగు చారలు. మట్టి తడిని పట్టి ఉంచుతుంది. బండి కదిలినప్పుడల్లా ఫ్లేరు కొద్దికొద్దిగా ఆడుతుంటే మధ్యలోని ఇసుక గరుకు కాగితంలా పెయింటును అరగదీస్తుంది. బయటినుంచి బండి నిగనిగలాడుతుంటుంది కాబట్టి యజమానికి అనుమానం రాదు.

దీన్ని ఆపే మొదటి సామాను ఫ్లేరు పై అంచుకు వేసే రబ్బరు బీడింగ్. కొన్ని కిట్లలో అది విడిగా చుట్టచుట్టి ఉంటుంది, తొందరలో వేయకుండా వదిలేసే షెడ్డులున్నాయి. పైనుంచి నీరు, మట్టి రాకుండా అది మూయాలి. కింది చివర మాత్రం మూయకూడదు. పైనుంచి ఎంతోకొంత నీరు ఎలాగూ దిగుతుంది, అది జారిపోయే దారి ఉండాలి. చుట్టూ సీలెంటు పూసి మూసేస్తే పని పక్కాగా కనిపిస్తుంది, లోపల నీటి గుంట తయారవుతుంది.

సీలెంటు ఎంపికలోనూ ఒక మెలిక ఉంది. హార్డ్‌వేర్ దుకాణంలో అద్దాలకు, అక్వేరియాలకు ఇచ్చే మామూలు సిలికాన్ ట్యూబు చాలావరకు పుల్లటి వెనిగర్ వాసన వేస్తుంది. ఆరేటప్పుడు అది అసిటిక్ ఆమ్లం వదులుతుంది, ఆ ఆమ్లానికి బోడి ఇనుము తుప్పు పడుతుంది. రేకు మీద వాడాల్సింది న్యూట్రల్ సిలికాన్ లేదా పీయూ (పాలీయురెథేన్) సీలెంటు.

రంధ్రాల సంగతి. కంపెనీ ప్లాస్టిక్ క్లాడింగ్ ఉన్న థార్ లాంటి బండ్లకు పాత రంధ్రాల్లోనే కూర్చునే ఫ్లేర్లు దొరికితే అవే తీసుకోవాలి, ధర కొంచెం ఎక్కువైనా సరే. కొత్త రంధ్రం తప్పకపోతే డ్రిల్లు చేశాక అంచున లేచిన గరుకు (బుర్రు) తీసి, అంచుకు జింక్ ప్రైమరు, పైన టచప్ పెయింటు పూసి, అది పూర్తిగా ఆరాకే స్క్రూ ఎక్కించాలి. ఈ ఆరడానికి పట్టే సమయమే షెడ్డులో ఎవరికీ ఉండదు. సొంతంగా దారి చేసుకుంటూ రేకులోకి దిగే స్క్రూ మరీ ప్రమాదకరం, దిగుతూనే పెయింటును చీరేస్తుంది. రేకులోనే మర ఇచ్చే రివ్‌నట్ వేసి మరబోల్టు బిగిస్తే మళ్లీ విప్పి శుభ్రం చేసుకునే వీలుంటుంది.

ఎండ చేసే పని చాలామంది లెక్కలోకి రాదు. మీటరు పొడవున్న ఏబీఎస్ ముక్క 40 డిగ్రీల వేడి తేడాకు సుమారు 3 మిల్లీమీటర్లు సాగుతుంది, అదే పొడవు ఉక్కు రేకు అర మిల్లీమీటరు మాత్రమే. చలికాలం తెల్లవారుజామున సిమిలిగుడలో బిగించిన నల్ల ఫ్లేరు మే నెల మధ్యాహ్నం రాయగడ ఎండలో ఎంత వేడెక్కుతుందో ఊహించవచ్చు. స్క్రూలను బిర్రుగా బిగించేస్తే ఆ సాగుదలకు చోటు లేక ఫ్లేరు మధ్యలో అలలా ఉబ్బుతుంది, లేదా రంధ్రం దగ్గర చీలుతుంది. మధ్య రంధ్రం ఒక్కటి గుండ్రంగా, చివరివి కోలగా ఉండాలి, కింద రబ్బరు వాషరు పడాలి.

డబుల్ సైడ్ టేపుతో రంధ్రాల బాధ తప్పుతుంది, కానీ టేపుకు దాని నియమాలున్నాయి. వీహెచ్‌బీ తరహా ఆక్రిలిక్ ఫోమ్ టేపు అంటించాక మామూలు గది వేడిలో పూర్తి పట్టుకు 72 గంటలు పడుతుంది. మైనం పాలిష్ ఉన్న రేకు మీద పట్టదు, ఐసోప్రొపైల్ ఆల్కహాలులో సగం నీళ్లు కలిపి తుడవాలి. చల్లటి రేకు మీద, ముసురు పట్టినప్పుడు తేమ పేరుకున్న రేకు మీద అంటించినా ఫలితం ఉండదు. మధ్యాహ్నం విజయనగరంలో అంటించుకుని సాయంత్రానికి వానలో సుంకి ఘాటీ ఎక్కితే టేపును తప్పుపట్టి లాభం లేదు. బరువైన వెడల్పు ఫ్లేర్లకు టేపు ఒక్కటే చాలదు, కనీసం రెండు చివర్లా బోల్టు ఉండాలి.

ఏ పద్ధతైనా ముందు మాస్కింగ్ టేపుతో ఫ్లేరును తాత్కాలికంగా నిలబెట్టి చూడాలి. ముందు చక్రాలను రెండు వైపులా చివరిదాకా తిప్పాలి. ఒక వెనక చక్రాన్ని గట్టు మీదకు ఎక్కించి సస్పెన్షన్ మొత్తం నొక్కుకున్నప్పుడు టైరు ఎక్కడికి వస్తుందో చూడాలి. తలుపులు పూర్తిగా తెరవాలి, డీజిల్ మూత తీయాలి. అయిదు తలుపుల బండ్లలో వెనక తలుపు కింది మూల ఆర్చిలోకి చొచ్చుకుని ఉంటుంది. అక్కడ ఫ్లేరు రెండు ముక్కలుగా రాకపోతే తలుపు తెరిచిన మొదటిసారే గీత పడుతుంది.

చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్నవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. బండి నిర్మాణంలో చేసిన మార్పు దాని మౌలిక లక్షణాన్నే మార్చేస్తే దాన్ని మార్పు అంటారని ఆ సెక్షన్ వివరణ. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగానే అన్వయించింది. అదే ఏడాది చేసిన సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ నాలుగో ఉపవిభాగం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చని చెబుతోంది. ఇది కేంద్ర చట్టం. సామాను ఆంధ్రలో కొన్నా, ఓడీ-10 కోరాపుట్ నంబరో ఓడీ-18 రాయగడ నంబరో ఉన్న బండికి ఇటూ అటూ ఒకటే నియమం, సరిహద్దు చెక్‌పోస్టు దాటితే మారేదేమీ లేదు.

ఈ లెక్కన పాత రంధ్రాల్లో కూర్చునే ఫ్లేరును మౌలిక లక్షణం మార్చిందనడం కష్టం. మొత్తం వెడల్పుకు చట్టం పెట్టిన 2.6 మీటర్ల హద్దుకు జీపులు ఎప్పుడూ చేరవు. కోసిన ఆర్చి, లిఫ్టు కిట్, స్పేసర్లు, కంపెనీ అనుమతించని టైర్లు కలిస్తే ఆ వాదన నిలవదు. తనిఖీలో అధికారి చూపు మొదట పడేది ఫ్లేరు మీదే, ఎందుకంటే కింద ఏదో మారిందని అదే చాటుతుంది. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ, బంపరు ముందు బిగించే ఇనుప కడ్డీలైన బుల్‌బార్ల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసినప్పుడు ఆధారంగా చూపినది కూడా ఈ 52వ సెక్షనే. మనుషులను ఎక్కించుకు తిరిగే పసుపు బోర్డు జీపులు మరింత జాగ్రత్తగా ఉండాలి. వాటికి ఫిట్‌నెస్ పరీక్ష ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఉంటుంది.

బీమా కంపెనీకి ఫ్లేర్లను విద్యుత్తు లేని యాక్సెసరీగా తెలియజేసి, విలువ కలిపించుకుంటే సొంత నష్టం క్లెయిములో వాటికీ డబ్బు వస్తుంది. చెప్పకపోతే వాటి ఖర్చు రాదు, టైరు, రిమ్ము మార్పు ప్రమాదానికి కారణమని సర్వేయరు రాస్తే అసలు క్లెయిముకే ఎసరు. రేకుకు రంధ్రం పెట్టినచోట పట్టిన తుప్పుకు కంపెనీ వారంటీ అడిగే వీలుండదు.

బిగించిన తర్వాత

మొదటి నెల్లో బోల్టులు ఒకసారి తిరిగి చూడాలి, బిర్రుగా కాదు, వదులు పోయేంత వరకే. మట్టిదారి మీంచి వచ్చిన రోజు ఫ్లేరు వెనక సందులోకి కిందినుంచి పైకి మామూలు పైపుతో నీళ్లు కొడితే ఎర్రమట్టి జారిపోతుంది. సర్వీసింగ్ సెంటరు ప్రెషర్ గన్‌ను పై అంచుకు ఆనించి కొట్టనివ్వకూడదు, బీడింగ్ లేచిపోయేది, టేపు ఊడేది అక్కడే. వానలు తగ్గాక, కార్తీకం నాటికి, ఒక్క ఫ్లేరు విప్పి వెనక రేకు చూస్తే మిగతా మూడింటి సంగతి తెలిసిపోతుంది. విప్పాల్సింది ఎడమవైపు వెనకది. రోడ్డు అంచు బురదలో ఎక్కువగా నడిచేది ఆ చక్రమే.